బోర్లేసిన చపాతీ పీట

...గట్ల కాదు బిడ్డా, “గౌరవనీయులైన బావగారికి” అని ఎవరు రాయమన్నరు? కొట్టెయ్. మీ హనుమప్ప మామకు నేను గౌరవనీయులైన అంటె, ఎంకయ్యకు ఏదో అయ్యిందని ఆటో మాట్లాడుకొని ఉరికొస్తడు. “బావా” అని రాయి. గంతే. నేను మెల్లగ చెప్త, నువ్వు మెల్లగ రాయి స్వరూపా. దుకాణం తాళమేసే వచ్చిన, తొందరేం లేదు.

ముందుగాల ఎందుకు రాయిస్తున్ననో రాయి. నిన్న మీ అమ్మ అడిక్‌మెట్ల మామ ఇంటికి పొయ్యొచ్చింది. ఆయన కండ్ల ఆపరేషన్ మంచిగనే అయిందంట. కని మీ మామ ఒక మాట అన్నడంట. “చెల్లె, పట్టీ ఇప్పినా నేను ఇగ గడియారం ముట్ట. నారాయణగూడ దుకాణం ఎవరికన్న కిరాయికిస్త. పన్నెండు గీతలు సక్కగ గియ్యరాలే నాకు. నా కండ్లు నన్ను మోసం జేసినయి” అన్నడంట. గడియారం ఇప్పేటప్పుడు కంటికి పెట్టుకుంటడు సూడు, నల్ల గొట్టం లెక్క అద్దం? నలభై ఏండ్లసంది ఇంకొకరిని ముట్టనియ్యలే. గది తీసి మనుమనికి ఆడుకోనీకె ఇచ్చిండంట. వాడు దాంతోని చీమలను చూస్తున్నడంట.

గది ఇన్నకాడికెల్లి నాకు బువ్వ సయిస్తలేదు. ఎందుకంటె గా పన్నెండు గీతలు సక్కగనే ఉండె. నాకెరుక, నీ బిడ్డ రచనకెరుక, మీ అమ్మకు సగం ఎరుక. ఎరుక లేనిది మీ మామ ఒక్కనికే. నేనే చెప్పలే. ఎదురుంగ చెప్దామంటె నోరు రాదు. గందుకే రాయిస్తున్న.

రాసినవా? ఇగ మొదటికెల్లి చెప్త. నీకు సగం తెలుసు, ఆయనకు సగం తెల్వదు. మొత్తం రాయి.

నీ బిడ్డ రచన ఆఖరు సంవత్సరం ప్రాజెక్టు అని రోబో చేసింది గదా. రోబో అంటె నేను మనిషి లెక్క నడుచుకుంట వస్తదనుకున్న. తీరా దుకాణానికి తెస్తె ఏముంది, ఒక చెక్క, చెక్క మీద ఒక ఇనుప చెయ్యి, చెయ్యికి ఒక చాయ్ కేటిల్.

“గిదేంది బిడ్డా?”

“చాయ్ పోస్తది తాతా.”

“మీ అమ్మమ్మ పోస్తలేదా?”

మూతి ముడిచింది.

దాని లోపట కోఠిల కొన్న పళ్ళ చక్రాలు నాలుగు ఉండె, ప్లాస్టిక్‌వి. పన్నుకు పన్నుకు నడుమ జర సందు ఉంటది గదా. ఒక్క చక్రమైతె తెలువదు. నాలుగు చక్రాల సందులు కలిసి కేటిల్ కాడికి వచ్చేసరికి చలిజ్వరం వచ్చినట్టు వణుకుడు. వాళ్ళ జయశ్రీ మేడం చూసి, “రచనా, ముందు దీనికి ఒక గోలీ వెయ్యి, తర్వాత చాయ్ పోపిద్దాం” అన్నదంట. ఇంకో దినం రచన తోటి పిలగాడు జగదీశ్వర్ కేటిల్ నిండ చాయ్ నింపిండు. టక్, టక్, టక్. మూడు పళ్ళు రాలినయి. కేటిల్ తలకాయ దించుకున్నది, మల్ల లేవలే.

వైవా పది దినాలల్ల ఉండె. గప్పటికే బందులని రెండు తాపలు వాయిదా పడ్డది, మూడోతాప వాయిదా ఉండదన్నరు. ప్రాజెక్టు పోతె ఆర్నెల్లు ఆగాలె. జులైల చేరమన్న నౌకరి ఆర్నెల్లు ఆగుతదా? పిల్ల మా దుకాణంల కుట్టుమిషన్ మీద తలకాయ వెట్టి ఏడ్చింది. నూనె మొత్తం మొఖానికి అంటుకున్నది.

గప్పుడే మీ మామ వచ్చిండు. రోజు నాలుగు గంటలకు నారాయణగూడకెల్లి చిక్కడపల్లి దాక నడిచొచ్చి నా కాడ చాయ్ తాగి పోతుండె గదా. ఒక్క నిమిషం అటిటు కాకపోవు. సంగతి ఇని, “గంతేనా? ప్లాస్టిక్ పళ్ళు గాబట్టి రాలినయి. నేను ఇత్తడి పళ్ళు పెడత” అన్నడు.

“ఇత్తడైనా సందు సందే గద బావా. వణుకు ఎట్ల పోతది? అసలు పళ్ళే వద్దు” అన్న నేను.

“పళ్ళు లేని చక్రమా?” అని నా నోటి దిక్కు చూసిండు. “పళ్ళు లేనోనికి గంతకన్న ఏం తెలివి వస్తది.”

గీ ముక్క గట్లనే రాయి. తీసెయ్యకు.

నేను మిషన్ పక్క మూత ఇప్పి చూపిచ్చిన. బట్టలు కుట్టే మిషన్‌ల దారం లేపే చెయ్యి ఉంటది. గది కిందికి మెల్లగ వస్తది, నడుమ జర ఆగుతది, పైకి గప్పున పోతది. దాన్ని పళ్ళు తిప్పవు. లోపట ఒక బిళ్ళ ఉంటది, గుండ్రంగ ఉండదు. ఒక దిక్కు బొజ్జ ఉంటది. దాని అంచు మీద ఒక వేలు ఆనుకొని ఉంటది. బొజ్జ వచ్చినప్పుడు వేలు లేస్తది, బొజ్జ పోయినంక దిగుతది. నేను దాన్ని బొజ్జబిళ్ళ అంట. జయశ్రీ మేడం దాన్ని క్యామ్ అన్నదంట. ఆమె బాగ సంబురపడి, “రచనా, గేర్లు అందరు పెడతరు, నువ్వు ఇదే చెయ్యి” అన్నదంట.

మీ మామకు నచ్చలే. నచ్చకున్నా మరుసటి దినం నాలుగు గంటలకు కంటద్దం జేబుల వేసుకొని వచ్చిండు. మనిషి గంతే.

బొజ్జ ఎంతుండాలె, ఎక్కడుండాలె అన్నది పెద్ద పరేషాన్ అయింది. గప్పుడు మీ మామనే తోవ చూపిచ్చిండు. మీ అమ్మను కూసోబెట్టి చాయ్ పొయ్యమన్నడు. అద్దం కంటికి వెట్టి ఆమె చెయ్యినే చూసిండు. ఆమె ముందు మెల్లగ వంచుతది. నిండేదాక గట్లనే పట్టుకుంటది. ఆఖరుకు గప్పున లేపుతది, చుక్క కూడ కారదు.

“గీ మొత్తాన్ని పన్నెండు గంటలు చేద్దాం” అన్నడు మీ మామ. “పన్నెండు కాడ కేటిల్ నిలబడి ఉంటది. ఒంటిగంటకు బొజ్జ అర వేలు మందం. రెండింటికి వేలు. ఎనిమిదింటికి నాలుగు వేళ్ళు. పది దాక గట్లనే. పదికెల్లి పన్నెండు లోపట బొజ్జ ధన్ మని దిగాలె, కేటిల్ లేవాలె.”

మీ అమ్మతోని పదిహేడు కప్పుల చాయ్ పోపిచ్చిండు. ఏడో కప్పు కాడ ఆమె, “అన్నా, నా చెయ్యి ఏం గడియారమా?” అన్నది. “గడియారం కన్న నయం, చావీ ఇయ్యనక్కర్లే” అన్నడు.

ఇగ బిళ్ళకు చెక్క కావాలె. గట్టిది, నున్నటిది, గుండ్రంది. దుకాణాలన్ని తిరిగిన. మంచిది దొరకలే. ఇంటికొస్తె వంటింట్ల మీ అమ్మ చపాతీ పీట కనవడ్డది.

నేను అడగలేదని మీ అమ్మ అంటది. నేను అడిగిన, ఆమె నిద్రపోతుండె.

పీట కాళ్ళు కోసిన, నడుమ నలుచదరంగ బొక్క వెట్టిన. మీ మామ దాని మీద పాత గోడగడియారం పలక పెట్టి, సూదిమొనతోని పన్నెండు గీతలు చెక్కిండు. పెన్సిలు కాదు బిడ్డా, చెక్కిండు. వేలు పెడితె తెలుస్తది. ఒక్కొక్క గీత మీద వేళ్ళ లెక్క పెట్టిండు. గా గీతల మీద నేను రంపం వెట్టిన. అంచుమీద ఆనే వేలికి కొసన మిషన్ బాబిన్ బిగిచ్చిన, సుతారంగ దొర్లాలని. మల్ల వేలు అంచును ఇడువకుండ ఒక స్ప్రింగు కావాల్నంటె మీ మామ వాళ్ళ నాయినప్పటి గడియారంల స్ప్రింగు తీసిచ్చిండు. గదంత ఆయన పనే. రాసినవా? “గదంత ఆయన పనే.” కింద గీత కొట్టు.

దుకాణంల చేత్తోని తిప్పి చూస్తె అద్దం లెక్క పనిచేసింది. కేటిల్ మెల్లగ వంగుడు, ఆగుడు, గప్పున లేచుడు. మీ అమ్మ కూడ తిట్టుడు ఆపి చూసింది.

వైవా శుక్రారం. గురువారం పొద్దుగాల మీ మామ మోటరు బిగిచ్చిండు, కారు అద్దం తుడిచే మోటరు. మధ్యానం అశోక్ నగర్ల బాలకిషన్ చాయ్ బండి కాడ చూద్దామనుకున్నం. ఎట్లయినా చాయ్ వేడిగ ఉంటది, మనుషులుంటరు, పిల్లకు భయం పోతది.

మనుషులా బిడ్డా! చుట్టు కోచింగ్ పిలగాండ్లు ఒక యాభై మంది జమయిండ్రు. అందరి చేతులల్ల పుస్తకాలు. ఒకడు, “తాతా, రోబోను కనిపెట్టింది ఎవరు? నాలుగిట్ల ఒకటి చెప్పు” అంటడు. ఇంకొకడు, “గిది గ్రూప్ టూ సిలబస్‌ల ఉన్నదా?” అంటడు. అందరికన్న ముందు పెద్దులు అనే పిలగాడు నిలబడ్డడు. నాలుగేండ్లసంది చదువుతున్నడంట. చేతిరాత నోట్సు సంకల ఉండె, ఇటుక గంత లావు.

రచన బటన్ నొక్కింది.

కేటిల్ వంగలే. తన్నింది. గేదె తన్నినట్టు ఒక్క తన్ను. చాయ్ గ్లాసుల పడక, గ్లాసు మీదికెల్లి ఎగిరి పెద్దులు నోట్సు మీద పడ్డది. పోనీ గంతటితోని ఆగిందా? తన్నినంక తీరుబడిగ, మెల్లమెల్లగ లేసుకుంట, బల్ల పొడుగున చుక్కలు కార్చింది. మల్ల తన్నింది. బాలకిషన్ బిస్కెట్ల సీసాలు పట్టుకొని బండి కిందికి దూరిండు.

పిలగాండ్లు సప్పట్లు. పెద్దులు ఒక్కడే నోట్సు ఇప్పి చూసుకుంటున్నడు. “పోనీ తియ్ తాతా,” అన్నడు, “తడిసింది పంచాయతీరాజ్ పాఠం. నాకు గది ఎట్లయినా రాదు.”

ఇగ మొదలైంది మా లొల్లి.

“గీతలు తప్పు కొట్టినవ్ బావా! పదింటి కాడ ఉండాల్సిన నిటారు గోడ ఒంటిగంట కాడ ఉన్నది!” అన్న నేను.

“నా గీతలు తప్పా? నీ చేతిల గది రంపమా, పండ్లపుల్లనా? కోసుడు తప్పు కోసినవ్!”

“దుకాణంల మంచిగ తిరిగింది, నువ్వే చూసినవ్!”

“చూసిన. గిప్పుడు గూడ చూస్తున్న!”

“నీకేం కనవడుతది? ముల్లు కనవడక మొన్న పదకొండింటికి వచ్చి నాలుగైందన్నవ్!”

గది అబద్ధం బిడ్డా. ఆయన ఒక్క దినం గూడ గట్ల రాలే. కోపంల అన్న. మీ మామ కంటద్దం తీసి, ధోతి కొసతోని తుడిచి, జేబుల వేసుకొని, అడిక్‌మెట్ దిక్కు నడిచిపోయిండు. యాభై మంది తోవ ఇడిచిండ్రు.

జర నీళ్ళియ్యి.

రోబోను ఇంటికి తెచ్చినం. రచన ఒక మూలకు, నేను ఒక మూలకు. కొత్త బిళ్ళ కోద్దామంటె చెక్క లేదు, గీతలు కొట్టే మనిషి లేడు. సాయంత్రం మీ ఆయన, అల్లుడు శ్రీశైలం, ఇంటికొచ్చిండు, నువ్వు ఆఫీసుల ఉన్నవ్. అల్లునికి చపాతీలు చెయ్యాలె. మీ అమ్మ ఒకటే మాట అన్నది, “నా పీట నాకియ్యుండ్రి.” రోబోకు ఉన్న నట్టు ఇప్పి, బిళ్ళ తీసి, కడిగి, దాని మీద చపాతీలు ఒత్తింది.

చపాతీలు చూడాలె నువ్వు. ఒక దిక్కు బొజ్జ, నడుమ బొడ్డు, మొత్తం మీద గడియారం లెక్క పన్నెండు గీతలు. మీ ఆయన మంచోడు, ఏం అడుగలే. తిన్నంక మాత్రం, “మామా, ఐదు గంటల కాడ జర మాడింది” అన్నడు.

తిన్నంక మీ అమ్మ బిళ్ళను తుడిచి ఎక్కడిదక్కడ బిగిచ్చింది. పొద్దుగాల రచన లేచి, ఆఖరు తాప చూద్దామని ఏడుపు మొఖంతోని బటన్ నొక్కింది.

కేటిల్ మెల్లగ వంగింది. ఆగింది. గప్పున లేచింది. చుక్క కారలే.

నేను మల్ల నొక్కమన్న. మల్ల గట్లనే. నేను గడపకు మొక్కిన. రచన మొక్కలే, కింద కూసొని బిళ్ళ దిక్కు చూసింది. చూసి చూసి ఒక్కతే నవ్వుడు మొదలువెట్టింది. గీతలు పైకెల్లి కనవడతలేవు. మీ అమ్మ బిళ్ళను బోర్లేసి బిగిచ్చింది!

రచన ఒక పళ్ళెం తెచ్చి నాకు సమజాయించింది. “తాతా, గడియారంల పలక నిలబడి ఉంటది, ముల్లు తిరుగుతది. అందుకె ఒంటిగంట తర్వాత రెండు వస్తది. మన దాంట్ల వేలు నిలబడి ఉంటది, పలకే తిరుగుతది. అడిక్‌మెట్ తాత మోటరు గడియారం దిక్కే తిప్పిండు. అప్పుడు వేలు కిందికి పన్నెండు తర్వాత ఒంటిగంట రాదు, పదకొండు వస్తది! అందుకే ముందుగాలనే తన్నింది.”

“మరి దుకాణంల ఎట్ల తిరిగింది?”

“నువ్వు మిషన్ చక్రం అనుకొని నీ దిక్కు తిప్పుకున్నవ్ తాతా.”

నిజమే బిడ్డా. యాభై ఏండ్లసంది కుట్టుమిషన్ చక్రం నా దిక్కే తిప్పుకుంటున్న. ఆయన నలభై ఏండ్లసంది గడియారం ముండ్లు ముందటికే తిప్పుతున్నడు. ఇద్దరం ఎవరి అలవాటు వాళ్ళు తిప్పినం. ఆయన గీతలు తప్పు లేదు, నా కోత తప్పు లేదు. పళ్ళ చక్రమైతె ఎటు తిప్పినా ఏమనదు. బొజ్జబిళ్ళ గట్ల కాదు, దానికి ముందు ఎనుక ఉంటది.

“మరి నిన్ననే తెలిస్తె మల్ల కోసేటోళ్ళమా?” అని అడిగిన.

“కోసుడెందుకు? మోటరు వైర్లు రెండు అటిటు మారిస్తె అయిపోతుండె” అన్నది.

వైవాకు పెట్టె బరువున్నదని నేను గూడ పోయిన. బయటి కాలేజీకెల్లి ఒక సారు వచ్చిండు, బక్కగ, నవ్వు లేని మనిషి. “గేర్లు ఎందుకు పెట్టలే?” అన్నడు.

రచన ఒణకకుండ చెప్పింది. “సార్, గేరు ఒక్కతీరుగ తిరుగుతది. మాకు మెల్లగ వంగాలె, ఆగాలె, గప్పున లేవాలె. గేరుతోని కావాల్నంటె మోటరుకు ప్రతిసారి ఎవరన్న చెప్పాలె. దీంట్ల బిళ్ళ ఆకారమే చెప్తది. పళ్ళ నడుమ సందు లేదు, వణుకు లేదు.”

సారు వంగి చూసిండు. బిళ్ళ అంచును వేలితోని రాసిండు. వేలికి తెల్లగ అంటుకున్నది.

“ఇదేంది?”

గోధుమపిండి బిడ్డా! మీ అమ్మ సక్కగ తుడువలే. నా పానం పోయింది. రచన రెప్ప కొట్టకుండ, “డ్రై లూబ్రికేషన్ సార్” అన్నది. సారు “గుడ్” అని కాయిదం మీద రాసుకున్నడు.

తర్వాత రోబో చాయ్ పోసింది. సారు చూసిండు. గ్లాసు నిండింది, చుక్క కారలే. షుగర్ ఉన్నదని తాగలేదు గని, మల్ల రెండు తాపలు పోపిచ్చిండు. జగదీశ్వర్ మూడు గ్లాసులు తాగిండు. ప్రాజెక్టుల వాని పని గదే. పాసయింది అన్నరు.

గా సాయంత్రం మీ మామ ఫోన్ చేసిండు. నాలుగు గంటలకే. “ఏమైంది బావా?” అన్నడు, గంతే.

నేను ఏం చెప్పాలె? బోర్లేసినం, నీ గీతలతోనే అయింది అని చెప్పాలె. కని పండ్లపుల్ల అన్నది యాదికొచ్చింది. యాభై మంది ముందట అన్నడు. “పాసయింది” అన్న. “నీ గీతలు పక్కకు వెట్టి నేనే కొత్త బిళ్ళ కోసిన” అన్న.

“గట్లనా. మంచిదాయె. పిల్ల పాసయింది గదా” అన్నడు. వారం తిరగకముందే కండ్ల డాక్టర్ కాడికి పోయిండు. గప్పటిసంది నాలుగు గంటలకు నా దుకాణం ముందటికెల్లి ఎవరెవరో పోతున్నరు. ఆయన వస్తలేడు.

ఇగ రాయి, గీ ముక్క పెద్దక్షరాలతోని రాయి. బావా, నేను కొత్త బిళ్ళ కొయ్యలే. గదే బిళ్ళ. గవే పన్నెండు గీతలు. ఒక్కటి గూడ వెంట్రుక మందం తప్పు లేదు. నీ కండ్లు మోసం చెయ్యలే, నేను చేసిన. రచన ప్రాజెక్టు పుస్తకం ఆఖరు పేజీల “కొలతలు గుర్తించినవారు హనుమప్ప, గడియారాల మెకానిక్, నారాయణగూడ” అని అచ్చేసింది. నా పేరు కింద వేసింది. మీ చెల్లె పేరు అందరికన్న పైన వేసింది, దానికి నేనేం చెయ్యలేను.

అయిపోయింది. సంతకం నేనే చేస్త, ఇటియ్యి.

ఇగ నువ్వు రేపు పొద్దుగాల అడిక్‌మెట్ పొయ్యి గీ కాయిదం మామకు చదువు బిడ్డా. పట్టీ రేపు మధ్యానం ఇప్పుతరంట, ఇప్పకముందే పో. బిళ్ళ సంచిల వెట్టిన, చదివేటప్పుడు ఆయన చేతిల వెట్టు. కండ్లు లేకున్నా వేలితోని గీతలు తడుముతడు. ఒంటిగంటకెల్లి పన్నెండు దాక తడిమినంక, గా కంటద్దం మనుమని కాడికెల్లి గుంజుకోమను. మీ అమ్మకు బిళ్ళ సాయంత్రం వరకు మల్ల కావాలె, చపాతీలకు. గందుకు ఆయననే నాలుగు గంటలకు తీస్కరమ్మను. “పళ్ళు లేనోడు” అని నన్ను ఏమన్న అంటె, అననియ్యి. మొత్తం చదువు, నడుమల ఆపకు.